ఎప్‌వర్త్ ఇంటి బడి: సుసన్నా వెస్లీ జీవితము

పిల్లలకు ఇంటిలోనే క్రైస్తవ విద్య నేర్పాలని ఆశించే తల్లిదండ్రులు మన సంఘాలలో కనబడుతున్నారు. బడి మాన్పించి పూర్తిగా ఇంట్లోనే చదివించేవారు కొద్దిమంది. బడికి పంపుతూనే సాయంకాలము తెలుగు అక్షరాలు, వాక్యము ఇంట్లో నేర్పుకొనేవారు ఎక్కువమంది. కన్నడ దేశములో ఉన్నా, తమిళ దేశములో ఉన్నా, ఒడిశాలో ఉన్నా వీరందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే. ఇంట్లో నాలుగేండ్ల చిన్నది ఉంటుంది, తొమ్మిదేండ్ల పిల్లవాడు ఉంటాడు, పదమూడేండ్ల పెద్దది ఉంటుంది. విదేశాలలో అచ్చయిన పాఠ్య ప్రణాళికల జాబితా తెరిస్తే తరగతికి ఒక పుస్తకాల పెట్టె, పెట్టెకు ఒక ధర. ఏది తీసుకోవాలి? ముగ్గురికీ మూడు తీసుకోవాలా? తీసుకున్నా, ముగ్గురినీ ఒక్క తల్లి ఒకే పూట ఎలా కూర్చోబెట్టాలి?

ఈ చిక్కు మూడు వందల ఏండ్ల క్రితమే ఇంగ్లండులో ఒక పల్లెటూరి పాదిరిగారి భార్యకు వచ్చింది. ఆమెకు ముగ్గురు కాదు, పదిమంది బ్రతికిన పిల్లలు. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లిగా ఆమె పేరు మనకు తెలుసు. ప్రార్థనాపరురాలైన తల్లి అని మాతృ దినోత్సవమునాడు ప్రసంగాలలో వింటాము. ఆమె ఒక పంతులమ్మ అన్న సంగతి, ఇరవై ఏండ్లకు పైగా ఒక బడి నడిపిన సంగతి అంతగా చెప్పుకోము. ఈ వ్యాసము ఆ బడిని గురించి.

సుసన్నా 1669 జనవరి 20న లండనులో స్పిటల్ యార్డ్ అనే చోట పుట్టింది. తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్‌స్లీ గొప్ప బోధకుడు. 1662లో రాజ్యము వారి ప్రార్థనా పుస్తకమును సంపూర్ణముగా అంగీకరించాలని చట్టము వచ్చినప్పుడు, మనస్సాక్షి ఒప్పుకోక తన సంఘమును, జీతమును వదులుకొన్న సుమారు రెండు వేల మంది కాపరులలో ఆయన ఒకడు. ఆయన సంతానములో సుసన్నా ఇరవై అయిదవది, ఆఖరిది. ఆ ఇంటికి పండితులు, బోధకులు వస్తూ పోతూ ఉండేవారు. పెద్దల వాదాలు వింటూ పెరిగిన ఆ పిల్ల పదమూడేండ్ల వయస్సులోనే రెండు పక్షాల వాదాలూ తానే తూచుకొని, తండ్రి విడిచి వచ్చిన ఇంగ్లండు సంఘమునకే తిరిగి వెళ్లింది. తండ్రి ఆమెను వెళ్లగొట్టలేదు, ప్రేమ తగ్గించలేదు. బాప్తిస్టులమైన మనకు ఆమె చేరిన సంఘముతో బాప్తిస్మము విషయములోనే భేదమున్నది. అయినా పదమూడేండ్ల పిల్లకు అంత ఆలోచన నేర్పిన ఇల్లు ఎలాంటిదో గమనించాలి.

1688 నవంబరులో ఆమె శామ్యూల్ వెస్లీని వివాహము చేసుకొన్నది. (తండ్రి శామ్యూలే, భర్త శామ్యూలే, పెద్ద కొడుకూ శామ్యూలే. చదివేవారు తికమక పడవద్దు.) ఆయన పండితుడు, కవి, తొందర మనిషి, డబ్బు లెక్క తెలియనివాడు. మొదట లింకన్‌షైర్‌లోని సౌత్ ఆర్మ్‌స్‌బీ అనే కుగ్రామములో, తరువాత అదే జిల్లాలోని ఎప్‌వర్త్‌లో ఆయన సంఘ కాపరిగా ఉన్నాడు. సుసన్నకు పందొమ్మిది మంది పిల్లలు పుట్టారు. తొమ్మిది మంది పసితనములోనే పోయారు. ఒక బిడ్డ దాది నిద్రలో మీద దొర్లగా ఊపిరాడక చనిపోయింది. పందొమ్మిది కాన్పులు, తొమ్మిది సమాధులు, ఎన్నడూ తీరని అప్పులు – ఆ బడి జరిగినది ఈ పరిస్థితులలో. తీరిక ఉన్న తల్లి చేసిన పని కాదు.

1705లో ముప్పై పౌండ్లకు తక్కువ అప్పు చెల్లించలేక భర్త లింకన్ కోట చెరసాలకు వెళ్లాడు. ఎన్నికలలో ఆయన పట్టిన పక్షము నచ్చని ఊరివారు అంతకు ముందే కక్ష కట్టారు. చెరసాలలో ఉన్న భర్తకు పంపడానికి చేతిలో చిల్లిగవ్వ లేక సుసన్న తన ఉంగరాలు పంపింది. ఆయన తిరిగి పంపించాడు. యార్క్ ఆర్చిబిషప్పు షార్ప్ గారు వచ్చి, ఎప్పుడైనా రొట్టెకు కూడా లేకపోయిందా అని అడిగితే, రొట్టె లేకుండా పోలేదు గాని, దానిని సంపాదించడానికి పడే పాట్లు, తిన్న తరువాత దాని బాకీ తీర్చడానికి పడే పాట్లు కలిసి ఆ రొట్టె రుచి తెలియకుండా చేశాయన్న భావముతో ఆమె జవాబు చెప్పింది. ఆయనే సహాయము చేసి అప్పు చాలావరకు తీర్పించాడు.

ఇక బడి సంగతి. పెద్ద కొడుకు శామ్యూల్ 1690 ఫిబ్రవరిలో పుట్టాడు. చాలాకాలము మాట రాలేదు. మూగవాడవుతాడేమో అని ఇంట్లో అందరూ భయపడ్డారు. నాలుగేండ్లు దాటిన తరువాత ఒకరోజు ఉన్నట్టుండి మాట్లాడాడు. సుసన్న వాడిని అయిదేండ్లు నిండే వరకు అక్షరాల జోలికి తీసుకుపోలేదు. నిండిన మరునాడు మొదలుపెట్టింది. కొన్ని గంటలలో అక్షరాలన్నీ వచ్చేశాయి. ఆ అనుభవమునే ఆమె నియమముగా పెట్టుకొన్నది. అయిదేండ్లు నిండకముందు ఏ బిడ్డకూ చదువు లేదు. ఒక బిడ్డ విషయములో మాత్రము తన మాట చెల్లక త్వరగా మొదలుపెట్టవలసి వచ్చింది. మిగతావారికి నెలలలో వచ్చినది ఆ బిడ్డకు ఏండ్లు పట్టిందని ఆమె తరువాత వ్రాసుకొన్నది. మూడేండ్ల బిడ్డను కూడా పలక పట్టించి పోటీకి దించే ఈ రోజులలో ఈ మాట మన తల్లులు రెండుసార్లు చదువుకోవాలి.

అక్షరాభ్యాసము ముందు రోజు ఇల్లంతా సర్దేవారు. ఎవరి పని వారికి అప్పగించేవారు. మరునాడు ఉదయము తొమ్మిది నుండి పన్నెండు వరకు, మధ్యాహ్నము రెండు నుండి అయిదు వరకు ఆ గదిలోకి మరెవరూ రాకూడదు. ఆ ఒక్కరోజు తల్లి పూర్తిగా ఆ ఒక్క బిడ్డదే. మన ఇండ్లలో ఓనమాలు దిద్దించే వేడుకకు పదిమందిని పిలుస్తాము, ఆమె అందరినీ బయటికి పంపింది. ఆ ఆరు గంటలలో పిల్లలందరికీ అక్షరాలు వచ్చేశాయి. మేరీకి, నాన్సీకి మాత్రము ఒకటిన్నర రోజు పట్టింది. వీరిద్దరూ మందబుద్ధి గలవారని ఆమె అప్పట్లో అనుకొన్నది. కాని హార్న్‌బుక్ అనే అక్షరాల కొయ్యపలక పట్టుకొని ఇతర పిల్లలు ఎంతకాలము తంటాలు పడతారో చూసిన తరువాత ఆ అభిప్రాయము మార్చుకొన్నది.

అక్షరాలు రాగానే మొదటి వాచకము ఏది? ఇక్కడే ఆమె ఎంపిక ఉన్నది. హార్న్‌బుక్‌తో ఆగలేదు, చిన్నపిల్లల కథల పుస్తకాలు వెతకలేదు. ఆదికాండము మొదటి అధ్యాయము తెరిచింది. మొదటి వచనము కూడబలుక్కొని, తడబాటు లేకుండా వచ్చేవరకు మళ్లీ మళ్లీ చదవాలి. తరువాత రెండవ వచనము. అలా పోయి పోయి పాఠమునకు పది వచనాలు వరకు వచ్చేవి. ఫిబ్రవరిలో మొదలుపెట్టిన శామ్యూల్, పెంతెకొస్తు పండుగ వచ్చేసరికి ఒక అధ్యాయము చక్కగా చదవగలిగాడు. పాఠములో నేర్చిన మాట మరే పుస్తకములో కనబడినా గుర్తుపట్టేవాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడినిగా ఇందులో ఒక మంచి సూత్రము నాకు కనబడుతున్నది. ఆదికాండము మొదటి అధ్యాయములో వాక్యాలు పొట్టివి, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, దినము తరువాత దినము ఒకే పద్ధతిలో సాగుతుంది. చదువు నేర్చే బిడ్డకు ఇంతకంటె ఏమి కావాలి? పైగా ఆ పుస్తకము ప్రతి బిడ్డకూ కొత్తగా కొనవలసినది కాదు.

బడికి రోజుకు ఆరు గంటలు. కారణము లేకుండా లేచి తిరగడము, గట్టిగా అరుచుకోవడము, సెలవు లేకుండా వీధిలోకి పరుగెత్తడము పెద్ద తప్పులు. ఇంట్లో ఒకరినొకరు ఒట్టి పేరుతో పిలవకూడదు, సహోదరుడు అనో సహోదరి అనో పేరుకు చేర్చి పిలవాలి. ఇంగ్లీషువారికి ఇది వింతైన నియమము. అన్నా, అక్కా అని పిలుచుకొనే మనకు వింత కాదు. అయితే ఇంగ్లీషు చదువులు వచ్చిన తరువాత మన ఇండ్లలో కూడా ఆ పిలుపులు పలచబడుతున్నాయి. భోజనానికి ముందు, తరువాత మధ్యలో తిండి లేదు, పెట్టినది తినాలి. రాత్రి ఎనిమిదికి పడక. ఎవరూ పక్కన కూర్చొని జోకొట్టరు.

ఆమె పెట్టిన నియమాలలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది ఆడపిల్లలకు సంబంధించినది. చక్కగా చదవడము వచ్చే వరకు ఏ ఆడపిల్లకూ కుట్టుపని నేర్పకూడదు. ఎంత చదివితే అంతే పనికి శ్రద్ధ పెట్టాలి గాని చదువును మాన్పించి సూది ఇవ్వకూడదు. ఆడవారు వినసొంపుగా చదవలేకపోవడానికి కారణము చదువు రాకముందే కుట్టులో కూర్చోబెట్టడమేనని ఆమె తెగేసి చెప్పింది. ఇంగ్లండులో ఆడపిల్లకు బడియే దుర్లభమైన కాలము అది. కొడుకులకు ఏది నేర్పిందో కుమార్తెలకు అదే నేర్పింది. హెట్టీ ఎనిమిదేండ్లకే గ్రీకు క్రొత్త నిబంధన చదివేదని ఆ కుటుంబ చరిత్రలు చెబుతాయి.

ఓర్పు ఎంత ఉండేదో చెప్పే కథ ఒకటి వాడుకలో ఉన్నది. ఒకే సంగతిని ఒక బిడ్డకు ఇరవైసార్లు చెప్పడము భర్త లెక్కపెట్టి, ఇన్నిసార్లు ఎందుకు అని విసుక్కొన్నాడట. పందొమ్మిదవసారికి ఆపి ఉంటే ఆ పందొమ్మిదిసార్ల శ్రమ వృథా అయ్యేదని ఆమె జవాబట. జరిగినదో లేదో గాని ఆ ఇంటికి సరిపోయే కథే.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఆ బడి కాలిపోయింది. కొయ్యతో, గడ్డికప్పుతో కట్టిన ఇల్లు నిమిషాలలో అంటుకొన్నది. నిండు గర్భిణిగా ఉన్న సుసన్న మంటలలోనుండి నడిచి బయటపడింది. పై గదిలో నిద్రపోతున్న అయిదేండ్ల జాన్‌ను మరిచి అందరూ బయటికి వచ్చేశారు. వాడు కిటికీ దగ్గర కనబడితే, నిచ్చెనకు వ్యవధి లేక, ఒక మనిషి భుజాలమీద మరొకడు ఎక్కి వాడిని అందుకొన్నాడు. ఆ మరుక్షణమే కప్పు కూలింది. పుస్తకాలు, కాగితాలు, బట్టలు ఏమీ మిగలలేదు.

ఇటుకలతో కొత్త ఇల్లు కట్టేవరకు పిల్లలను తలా ఒక ఇంట పెట్టవలసి వచ్చింది. తిరిగి వచ్చిన పిల్లలను చూసి తల్లి దిగులుపడింది. పనివాళ్లతో ఇష్టము వచ్చినట్టు తిరిగారు, కొత్త పాటలు నేర్చారు, ఆదివారము అంటే లెక్క పోయింది, మాట యాస కూడా మారిపోయింది. స్థలము మారితే పిల్లల మాట మారిపోవడము ఎలా ఉంటుందో పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అప్పుడు ఆమె బడిని మళ్లీ కట్టింది. ఉదయము బడి మొదలయ్యేటప్పుడు, సాయంత్రము ముగిసేటప్పుడు కీర్తన పాడడము అప్పుడే మొదలైంది. ఇంకొక ఏర్పాటు కూడా చేసింది. వేరువేరు వయస్సుల పిల్లలున్న తల్లులు దీనినే ముఖ్యముగా చూడాలి. సాయంత్రము అయిదు గంటలకు పెద్ద బిడ్డ మాటలు వచ్చిన వారిలో అందరికంటె చిన్న బిడ్డను తీసుకొని కూర్చోవాలి. రెండవ బిడ్డ ఆఖరినుండి రెండవ బిడ్డను తీసుకోవాలి. అలా జతలు జతలుగా ఇంట్లో తలా ఒక మూల చేరి, పెద్దవారు చిన్నవారికి ఆ దినపు కీర్తనలు, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదివి వినిపించాలి. ఉదయమున కీర్తనలతో పాత నిబంధన అధ్యాయము. ఆ తరువాతే ఎవరి ఏకాంత ప్రార్థనకు వారు వెళ్లాలి, ఆ తరువాతే ఫలహారము.

ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసినవారు ఈ ఉపాయము వెంటనే గుర్తుపడతారు. అయిదు తరగతులకు ఒకే పంతులు ఉన్నప్పుడు పెద్ద తరగతి పిల్లవాడే చిన్న తరగతికి గురువు. 1797లో ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమములో ఈ పద్ధతి నడిపిన వివరము లండనులో అచ్చువేయించాడు. మద్రాసు వీధి బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతూ ఒకరికొకరు నేర్పుకోవడము చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. తరువాత అది మద్రాసు పద్ధతి అనే పేరుతోనే ఇంగ్లండులో ఎన్నో బడులకు పాకింది. ఎప్‌వర్త్‌లో ఒక తల్లి అంతకు ఎనభై ఏండ్లకు పైగా ముందే దానిని తన వంటింటి పక్కన నడిపింది. అయితే ఒక తేడా ఉన్నది. బెల్ గారి పద్ధతిలో పెద్దవాడు చిన్నవాడికి పాఠము అప్పజెప్పించేవాడు. సుసన్న ఇంట్లో పాఠము తల్లి చెప్పేది. వాక్యము మాత్రము అన్నలు, అక్కలు చదివి వినిపించేవారు. చిన్నవాడికి వినడము వచ్చింది, పెద్దదానికి మరొకరికి అర్థమయ్యేట్టు చదవడము వచ్చింది. ఒకే అధ్యాయము ఇద్దరికీ రెండు పాఠాలయింది.

మరి పెద్ద పిల్లల సంగతేమిటి? పదిహేను, పదహారేండ్ల కుమార్తెలకు ఆదికాండము వాచకముగా చాలదు. వారి ప్రశ్నలు వేరు. తగిన పుస్తకము కోసము వెదికి, దొరికినవాటితో తృప్తిపడక, ఆమె తానే వ్రాసింది. ఇల్లు కాలిన మరుసటి ఏడు, 1710 జనవరిలో, దూరాన ఉన్న కుమార్తె సూకీకి అపొస్తలుల విశ్వాస ప్రమాణమును మాట వెంట మాటగా వివరిస్తూ పెద్ద ఉత్తరము వ్రాసింది. తరువాత పది ఆజ్ఞలమీద వివరణ మొదలుపెట్టింది. 1711–12 ప్రాంతములో తల్లికి, పెద్ద కుమార్తె ఎమీలియాకు మధ్య సంభాషణగా మూడవ గ్రంథము వ్రాసింది. దేవుడున్నాడని సృష్టిని చూసి ఎలా గ్రహించాలి, లేఖనము ఎందుకు అవసరము అన్నది అందులో విషయము. గొప్ప పండితులైన బిషప్పు పియర్సన్ వంటివారి పుస్తకాలు చదివి, తన పిల్లలకు అర్థమయ్యే భాషలోకి దించుకొన్నది. కాగితమునకు కరువైన ఇంట్లో, చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొనే వయస్సులో, దైవశాస్త్రము వ్రాసింది. అచ్చువేయించాలని కాదు, తన కుమార్తెల కోసము.

ఇక్కడ మన దేశమునకు సంబంధించిన ఒక సంగతి ఉన్నది. తమిళనాడులోని తరంగంబాడికి 1706 జూలైలో డెన్మార్క్ రాజు పంపిన ఇద్దరు జర్మనీ మిషనరీలు దిగారు. జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అని వారి పేర్లు. వారి ఉత్తరాలు ఇంగ్లీషులో అచ్చయి లండనునుండి ఊళ్లకు చేరాయి. ఆ పుస్తకము తండ్రి గదిలో ఎమీలియా కంటబడింది. ఆమె దానిని తల్లికి చదివి వినిపించింది. సుసన్న చాలా రోజులు మరి దేనినిగూర్చీ ఆలోచించలేకపోయింది. తాను మగవాడిని కాను, పాదిరిని కాను, సముద్రము దాటి వెళ్లలేను, కాని చేతిలో ఉన్న ఆత్మలకు ఇంతకంటె ఎక్కువ చేయవచ్చును గదా అని ఆమె మనస్సులో పడింది. 1712 ఫిబ్రవరిలో భర్తకు వ్రాసిన ఉత్తరములో ఈ సంగతంతా చెప్పింది. తరంగంబాడి తీరములో చల్లిన విత్తనము ఎప్‌వర్త్ వంటింట్లో మొలకెత్తిందన్నమాట. (అదే తరంగంబాడి మిషనుకు 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ గారు తరువాత మద్రాసులో తెలుగు నేర్చి, జర్మనీకి తిరిగి వెళ్లి హాలే పట్టణములో 1746–47లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించారు. తెలుగు క్రైస్తవులకు ఆ ఊరితో అలా ఋణమున్నది.)

ఆ పుస్తకము చదివిన తరువాత ఆమె చేసినది ఇది. వారములో ఒక్కొక్క సాయంత్రము ఒక్కొక్క బిడ్డకు కేటాయించింది. సోమవారము మేరీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాన్, శుక్రవారము మార్తా, శనివారము చార్లెస్, ఆదివారము ఎమీలియా, సూకీ ఇద్దరూ. చార్లెస్‌కు అప్పటికి నాలుగేండ్లు, ఎమీలియాకు పందొమ్మిది. ఆ సాయంత్రము పాఠము లేదు, అప్పజెప్పడము లేదు. ఆ బిడ్డ మనస్సులో ఏమున్నదో, దేనికి భయపడుతున్నదో, ప్రార్థన ఎలా ఉన్నదో తల్లితో ఒంటరిగా మాట్లాడాలి. ఇరవై ఏండ్ల తరువాత, 1732లో, ఆక్స్‌ఫర్డులో అధ్యాపకుడైన జాన్ తల్లికి ఉత్తరము వ్రాస్తూ, ఆ గురువారపు సాయంత్రములో కొంచెము భాగము తనకింకా ఇవ్వవచ్చునా అని అడిగాడు. ముప్పై ఏండ్లకు చేరువైన కొడుకు అడిగినది లాటిను పాఠము కాదు, గురువారము సాయంత్రము. పుస్తకాల పెట్టెలో ఇది దొరకదు.

ఆ చలికాలమే మరొకటి జరిగింది. భర్త సంఘ మహాసభకు లండను వెళ్లగా, ఆదివారము సాయంత్రాలు ఆమె వంటింట్లో పిల్లలకూ పనివారికీ ప్రార్థన చేసి ప్రసంగము చదివి వినిపించేది. పనివాడు తన తల్లిదండ్రులకు చెప్పాడు, వారు వచ్చారు. వారిని చూసి మరికొందరు. చివరికి రెండు వందల మందికి పైగా వచ్చి నిలువడానికి చోటులేక తిరిగి పోయేవారు. సహాయ పాదిరికి ఇది కన్నుకుట్టి భర్తకు ఫిర్యాదు వ్రాశాడు. భర్త మానమని సూచించాడు. ఆమె వినయముగానే జవాబు వ్రాసింది గాని తలవంచలేదు. మానుకోవాలంటే సూచన చాలదు, స్పష్టముగా ఆజ్ఞ ఇవ్వండి, అప్పుడు న్యాయసింహాసనము ముందు ఆ బాధ్యత మీదవుతుంది అన్న అర్థము వచ్చేట్టు వ్రాసింది. ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు.

ఇంతవరకు మెచ్చుకొన్నాను. మెచ్చుకోలేనిది కూడా చెప్పాలి. బిడ్డ స్వంత ఇష్టమును పసితనములోనే అణచివేయాలని ఆమె నమ్మకము. ఏడాది నిండేసరికే బెత్తమునకు భయపడడము, మెల్లగా ఏడవడము నేర్పేది. ఆ ఇంట్లో పసిబిడ్డ ఏడ్పు వినబడడమే అరుదట. ఆ కాలపు ఇంగ్లండులో ఇది వింత కాదు. అయినా ఏడాది బిడ్డకు బెత్తమేమిటి అని మనస్సు తిరగబడుతుంది. మన దేశములో 2009 విద్యాహక్కు చట్టము బడులలో దండనను నిషేధించింది. ఆ చట్టము లేకపోయినా ఈ భాగము అనుకరించమని ఎవరికీ చెప్పను. అదే తల్లి పెట్టిన మిగతా నియమాలు మాత్రము ఈనాటి మనస్తత్వ శాస్త్రము చదివినవారు కూడా కాదనరు. తప్పు తానే ఒప్పుకొన్న బిడ్డను కొట్టకూడదు, ఎందుకంటే భయమే అబద్ధము నేర్పుతుంది. ఒక తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదు, తరువాత ఎన్నడూ దానిని ఎత్తి దెప్పకూడదు. ఇష్టపూర్వకముగా మాట విన్న ప్రతిసారీ మెచ్చుకోవాలి. మంచి ఉద్దేశముతో చేసిన పని సరిగా కుదరకపోయినా అంగీకరించి, ఎలా చేయాలో ప్రేమతో చూపాలి. గుండుసూది విలువైన వస్తువైనా ఎవరిది వారిదే. ఇచ్చిన మాట నిలుపుకోవాలి.

కొడుకులు ఒక్కొక్కరే ఇల్లు వదిలారు. శామ్యూల్ 1704లో వెస్ట్‌మినిస్టర్ బడికి, జాన్ 1714లో చార్టర్‌హౌస్‌కు, చార్లెస్ 1716లో వెస్ట్‌మినిస్టర్‌కు వెళ్లి, అక్కడనుండి ఆక్స్‌ఫర్డు చేరారు. వారి కథ లోకమునకు తెలుసు. మెథడిస్టు ఉద్యమము, చార్లెస్ వ్రాసిన ఆరు వేలకు పైగా పాటలు ఇక్కడ మళ్లీ చెప్పనక్కరలేదు.

కుమార్తెల కథ ఎక్కువమంది చెప్పరు. అదే బడి, అదే ఆదికాండము, అదే సాయంకాలము. కాని చదువుకొన్న ఆడపిల్లకు ఆ దేశములో వెళ్లడానికి చోటు లేదు. ఎమీలియా పంతులమ్మగా కష్టపడి, గెయిన్స్‌బరోలో స్వంత బడి పెట్టుకొన్నది. ఆలస్యముగా చేసుకొన్న పెండ్లి ఆమెను మరింత బీదరాలిని చేసింది. సూకీ భర్త క్రూరుడు. కవిత్వము వ్రాయగల హెట్టీ 1725లో ఒకడిని నమ్మి ఇల్లు వదిలి మోసపోయి తిరిగి వచ్చింది. తండ్రి ఆమెను ఎన్నడూ పూర్తిగా క్షమించలేదు. ఆమెకు ఏమాత్రము సరిపడని, తాగుబోతు అయిన ఒక సీసపు పనివాడితో పెండ్లి జరిపించారు. పుట్టిన బిడ్డలందరూ పోయారు. ఆ సమయములో తల్లి కూడా ఆమె పట్ల గట్టిగానే ఉన్నది. ఆమె పక్షాన నిలిచినది అక్క మేరీ, తమ్ముడు జాన్. పాపముచేసినవారిపట్ల కనికరమును గురించి జాన్ 1726లో తండ్రి వింటుండగానే ప్రసంగము చేశాడు. దయగల మేరీ 1734లో కాన్పులో చనిపోయింది. మార్తా భర్త పాదిరి అయి ఉండి కూడా పరస్త్రీలతో తిరిగాడు. ఆమె ఆ అవమానాన్ని ఓర్చుకొని, ఆ కాలపు మహా పండితుడు శామ్యూల్ జాన్సన్ గౌరవించిన స్త్రీగా 1791 వరకు జీవించింది. ఆఖరిది కెజియా – యోబు రెండవ కుమార్తె పేరే. తండ్రి ఏండ్ల తరబడి యోబు గ్రంథముమీద లాటినులో వ్యాఖ్యానము వ్రాశాడు – 1741లో పెండ్లి కాకుండానే పోయింది. మంచి పాఠ్య ప్రణాళిక దొరికితే పిల్లల జీవితము సాఫీగా సాగిపోతుందని నమ్మేవారు ఈ పేర్లు ఒకసారి చదువుకోవాలి. తల్లి వారికి ఆధారము ఇచ్చింది, దారి మాత్రము వేయలేకపోయింది.

1735 ఏప్రిలులో భర్త మరణించాడు. అప్పులు ఆయన వెంట పోలేదు. ఇల్లు కొత్త కాపరికి అప్పగించి, సుసన్న కొంతకాలము ఎమీలియా దగ్గర, కొంతకాలము పెద్ద కొడుకు దగ్గర, కొంతకాలము మార్తా దగ్గర ఉన్నది. జాన్, చార్లెస్ ఆ సంవత్సరమే అమెరికాలోని జార్జియాకు మిషనరీలుగా వెళ్తామంటే, విధవరాలైన ఆమె అడ్డుచెప్పలేదు. ఇరవై మంది కొడుకులున్నా అలాగే పంపుతానన్నదని చెబుతారు. 1739లో పెద్ద కొడుకు శామ్యూల్ పోయాడు. చివరి సంవత్సరాలు లండనులో, పాత ఫిరంగుల కర్మాగారమును బాగుచేసి జాన్ పెట్టిన ఫౌండరీ ప్రార్థనాలయములో గడిపింది. అక్కడ కూడా బోధ మానలేదు. అభిషేకము లేని థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే యువకుడు ప్రసంగించడము మొదలుపెట్టాడని విని జాన్ కోపముగా వచ్చినప్పుడు, తొందరపడవద్దు, ముందు అతని మాట విను, ఫలము చూడు అని ఆమె అడ్డుకొన్నది. జాన్ విన్నాడు, ఒప్పుకొన్నాడు. లెక్కలేనంతమంది సామాన్య బోధకులు ఆ తలుపులోనుండే వచ్చారు.

1742 జూలై 23న, డెబ్బై మూడవ ఏట, జాన్, బ్రతికి ఉన్న అయిదుగురు కుమార్తెలు చుట్టూ నిలిచి ఉండగా ఆమె కన్నుమూసింది. తాను విడుదల పొందగానే దేవుని స్తుతించే కీర్తన పాడమని ముందే చెప్పి ఉంచింది. పిల్లలు మంచము చుట్టూ నిలిచి పాడారు. ఆగస్టు 1న లండనులోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో సమాధి చేశారు. రాజ్యసంఘమునకు లోబడనివారిని పాతిపెట్టే స్థలము అది. యాత్రికుని ప్రయాణము వ్రాసిన మన జాన్ బన్యన్ అక్కడే ఉన్నాడు. పదమూడేండ్లప్పుడు తండ్రి పక్షమును విడిచిన కుమార్తె చివరికి ఆ పక్షమువారి మధ్యనే నిద్రించింది.

ఆ సమాధి దినపు సంగతి తన దినచర్యలో వ్రాస్తూ జాన్, పదేండ్ల క్రితము తాను అడిగితే 1732 జూలైలో తల్లి వ్రాసి పంపిన బడి ఉత్తరమును పూర్తిగా అందులో చేర్చాడు. అయిదేండ్ల నియమము, ఆదికాండము, కుట్టుపని, అయిదు గంటల జతలు – అన్నీ మనకు తెలిసినది దానివల్లనే. ఎమీలియా కోసము, సూకీ కోసము ఆమె వ్రాసిన మిగతా వ్రాతలు మాత్రము చాలాకాలము చెల్లాచెదురుగా ఉండిపోయి, 1997లో గాని ఒకే సంపుటముగా రాలేదు.